బయటికెళ్తే బిస్కెట్ తప్ప ఏమీ ముట్టని రెండేళ్ల పిల్లాడు: బ్యాగులో ఏం పెట్టుకెళ్లాలి?

నీలిగోరింట

అందరికీ నమస్కారం. మా బాబుకి ఈమధ్యే రెండేళ్లు నిండాయి. వాడు తినేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు: అరటిపండు, గట్టి పెరుగు, ఉడికించిన బంగాళాదుంప, చీజ్, ఒట్టి బ్రెడ్, గుడ్డులో తెల్లసొన. అవైనా తింటున్నాడులే అని సరిపెట్టుకుందామంటే, బయటికి వెళ్లినప్పుడు అవే డబ్బాలో పెట్టి ఇచ్చినా ముట్టడు. అరటిపండు మీద చిన్న నల్లమచ్చ కనిపిస్తే నెట్టేస్తాడు. బ్రెడ్ అంచు తడిసి మెత్తబడిందా, ఏడుపు లంకించుకుంటాడు. చీజ్‌కి చెమట పట్టి ఉంటే వేలితో తాకి చెయ్యి తుడుచుకుంటాడు. ఆఖరికి బిస్కెట్ ప్యాకెట్ తెరవాల్సి వస్తోంది. అది మాత్రం ఎక్కడైనా, ఎప్పుడైనా తింటాడు. ఇంటికొచ్చాక ఇక భోజనం ఊసే ఉండదు.

పార్కు, ఆస్పత్రి, చుట్టాలిల్లు, ఎక్కడికి వెళ్లినా కనీసం మూడు నాలుగు గంటలు పడుతుంది. మీరంతా ఏం పెట్టుకెళ్తున్నారు? ఎంత పెట్టుకెళ్తున్నారు? బిస్కెట్లు పూర్తిగా మానేయాలా? బయటికి బయల్దేరాలంటేనే టెన్షన్‌గా ఉంటోంది.

బుజ్జి_నాన్న

నమస్తే అండి. మీరు రాసినది చదివితే మీవాడికి అరటిపండు మీద కోపమేమీ లేదనిపిస్తోంది. ఇంట్లో చూసిన అరటిపండు, డబ్బాలోంచి బయటికొచ్చిన అరటిపండు వాడి కంటికి రెండు వేర్వేరు వస్తువులు. ఈ వయసులో పిల్లలు ముందు కళ్లతో తింటారు. రంగు మారినా, ముక్క విరిగినా, అంచు తడిసినా అది కొత్త తిండి కిందే లెక్క. కొత్త తిండంటే భయం రెండేళ్ల నుంచి ఆరేళ్ల మధ్య బాగా ఎక్కువగా ఉంటుంది, చాలామంది పిల్లల్లో ఉండేదే. బిస్కెట్ గెలిచేది అందుకే. ఏ ప్యాకెట్ తెరిచినా అదే ఆకారం, అదే రంగు, అదే కరకర. పైగా తీపి.

అందుకని ఏం పెట్టాలి అన్నదానికంటే ముందు, పెట్టింది దారిలో మారిపోకుండా ఎలా చేరుతుందో చూడండి. మా పాపని రోజూ బయట తిప్పేది నేనే. అరటిపండు తొక్కతోనే, నలగకుండా గట్టి డబ్బాలో పెడతాను. తన ముందే సగం వరకు ఒలిచి చేతికిస్తాను. ముక్కలు కోసి పెడితే కాసేపటికే నల్లబడి జిగురు తేలుతుంది. బ్రెడ్‌కి పొడి డబ్బా విడిగా ఉండాలి, అందులో తడి వస్తువు ఇంకేదీ పెట్టొద్దు. బంగాళాదుంప ముక్కలు పూర్తిగా చల్లారాకే మూత పెట్టండి. వేడి మీద మూత పెడితే ఆవిరి నీళ్లయి కారి ముక్కలన్నీ బంకబంకగా తయారవుతాయి. చీజ్‌కి చల్లదనం కావాలి. దాని కింద పొడి పేపర్ నాప్‌కిన్ వేస్తే చెమట దానికే పడుతుంది.

ఇంతకీ ఆ డబ్బా మీవాడు ఇంట్లో ఎప్పుడైనా చూశాడా?

నీలిగోరింట

లేదండి, అది బయటికి వెళ్లేటప్పుడు మాత్రమే తీస్తాం. ఇంట్లో వాడి ప్లేటు వేరు.

కవలల_అమ్మ

అయితే ముందు ఆ డబ్బాని ఇంట్లోకి తీసుకురండి. ఒక వారం సాయంత్రం చిరుతిండి అదే డబ్బాలో, అదే కూర్పుతో, నేల మీద దుప్పటి పరిచి పెట్టండి. మూత తీయడం వాడికే నేర్పండి. మా ఇద్దరిలో ఒకడు అచ్చం మీవాడి లాంటివాడే. తన చేత్తో తాను తెరిచిన డబ్బాలోది తింటాడు, నేను తెరిచి నోటి దగ్గర పెడితే మొహం తిప్పేస్తాడు. అందుకే డబ్బా కొనేటప్పుడు పిల్లాడి వేళ్లతో మూత వస్తుందా లేదా అన్నది చూడండి. క్లిప్పులు మరీ బిగుతుగా ఉంటే పెద్దవాళ్లకే గోళ్లు విరుగుతాయి.

అరలున్న డబ్బా మంచిదే గానీ అరల మధ్య గోడలు మూతకి ఆనుకునేలా ఉండాలి. లేకపోతే బ్యాగు పక్కకి ఒరిగిందంటే పెరుగు నీళ్లు బ్రెడ్‌లోకి వెళ్తాయి. పెరుగుకి ఎప్పుడూ మరతో బిగించే చిన్న సీసా విడిగా. గట్టి పెరుగైతే ముందు రాత్రే గుడ్డలో వేలాడదీసి నీళ్లు దించండి, తేటగా విడిపోకుండా ఉంటుంది.

ఆపిల్ గురించి ఎవరైనా అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెప్తున్నా. కోసిన ఆపిల్‌కి గాలి తగిలితే అందులోని ఎంజైమ్ వల్ల రంగు మారుతుంది. పలచని ముక్కలు కోసి, కాస్త నిమ్మరసం కలిపిన నీళ్లలో ముంచి తీసి, తడి లేకుండా తుడిచి పెడితే కొన్ని గంటలు తెల్లగా ఉంటాయి. మా రెండోవాడికి ఆ పులుపు పడదు. వాడికి చిటికెడు ఉప్పు వేసిన నీళ్లు. తర్వాత మంచినీళ్లలో ఒకసారి జాడిస్తే ఉప్పదనం తెలియదు.

ఎంత పెట్టాలంటే, కొంచెమే. రెండు మూడు రకాలు, ఒక్కోటి నాలుగైదు ముక్కలు. నిండు డబ్బా చూస్తే పిల్లలు తినడం మానేసి ఏరడం మొదలుపెడతారు.

పెద్దమ్మ

నీలిగోరింటా, నేను పిల్లల్ని పెంచి, ఇప్పుడు మనవల్ని చూసుకుంటున్నదాన్ని. డబ్బాల సంగతి వీళ్లు బాగా చెప్పారు. నాది వేరే ప్రశ్న. మీ బాబుకి డబ్బా తెరిచేసరికి అసలు ఆకలి వేస్తోందా?

మొదటి ఏడాది పిల్లలు పుట్టినప్పటి బరువుకి మూడింతలవుతారు. ఆ తర్వాత ఏడాదంతా కలిపి పెరిగేది రెండు, రెండున్నర కేజీలే. పెరుగుదల నెమ్మదిస్తే ఆకలీ తగ్గుతుంది. మనమేమో పిల్లాడు చిక్కిపోతున్నాడని గంటకోసారి ఏదో ఒకటి నోట్లో పెడుతూనే ఉంటాం. పాలు, జ్యూస్, బిస్కెట్ ముక్క, ఇవన్నీ చిన్న పొట్టలోకే చేరుతున్నాయి కదా. తిండికీ తిండికీ మధ్య రెండు మూడు గంటలు ఖాళీ ఉండనివ్వండి. ఆ మధ్యలో మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు.

ఇంకోటి. బయట పిల్లాడు గునిసిన ప్రతిసారీ అది ఆకలి కాదు. నిద్ర, దాహం, విసుగు, బిగుతు చొక్కా, ఏదైనా కావచ్చు. ఆస్పత్రిలో వంతు కోసం కూర్చున్నప్పుడు ఏడిస్తే బిస్కెట్ ఇవ్వకండి. ఎత్తుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లండి. ఏడుపుకి తిండి జవాబని ఒకసారి అలవాటైతే మాన్పించడం కష్టం.

నీలిగోరింట

పెద్దమ్మ గారూ, మీరు అడిగాక ఆలోచిస్తున్నాను. బయల్దేరే ముందు పాలు ఒక సీసా, దారిలో ఇంకో సీసా. రోజు మొత్తం మీద 800 మిల్లీలీటర్ల దాకా తాగుతాడు. బండిలో కూర్చోబెట్టి తోస్తున్నప్పుడు చేతిలో బిస్కెట్ ఉంటేనే కదలకుండా కూర్చుంటాడు. కారులో కూడా అంతే. తినడం లేదు కదా, పాలైనా తాగనీ అని ఇస్తున్నాం.

తెల్లకోటు

నేను పిల్లల వార్డులో నర్సుని. మీ మాటల్లో రెండు విషయాలకి కాస్త గట్టిగానే చెప్పాలి, ఏమనుకోకండి.

మొదటిది పాలు. ఈ వయసుకి రోజుకి సుమారు 500 మిల్లీలీటర్లు చాలు. అంతకంటే బాగా ఎక్కువైతే పొట్ట నిండిపోయి వేరే తిండి తినరు. పాలలో ఇనుము చాలా తక్కువ, పైగా పాలలోని కాల్షియం వేరే తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది. పాలు బాగా తాగుతూ తిండి తినని పిల్లల్లో రక్తహీనత మా దగ్గర మామూలుగా కనిపిస్తుంది. మీవాడు పచ్చసొన కూడా వదిలేస్తున్నాడు కాబట్టి, తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఈ సంగతి చెప్పి రక్తపరీక్ష అవసరమా అని అడగండి. దారిలో ఇచ్చే సీసా బదులు మంచినీళ్లు పెట్టుకెళ్లండి. పాలు ఇంట్లో, భోజనం అయ్యాక, గ్లాసులో.

రెండోది ఇంకా ముఖ్యం. కదులుతున్న కారులో, తోస్తున్న బండిలో, పరిగెడుతూ, పడుకుని తినడం వద్దండి. బండి కుదుపుకి గొంతులో ముక్క అడ్డం పడొచ్చు. కారులో మీరు ముందు సీట్లో ఉంటే వెనక ఏం జరుగుతోందో కనిపించదు, వినిపించదు. ఊపిరి పూర్తిగా ఆగిపోయిన పిల్లాడు ఏడవలేడు, దగ్గలేడు. ఆ చప్పుడు లేకపోవడమే ప్రమాదం. ఆపండి, దింపండి, నిటారుగా కూర్చోబెట్టండి, ఎదురుగా కూర్చుని తినిపించండి.

ఈ వయసు పిల్లల బ్యాగులో ఉండకూడనివి: గుండ్రంగా ఉన్న ద్రాక్ష, చెర్రీ టమాటాలు (నిలువుగా నాలుగు ముక్కలు చేస్తే పర్వాలేదు, అడ్డంగా కోస్తే బిళ్లలా గొంతుకి సరిపోతుంది), పూర్తి గింజలు, పాప్‌కార్న్, గట్టి చాక్లెట్లు, పచ్చి క్యారెట్ ముక్కలు, పచ్చి ఆపిల్ పెద్ద ముక్కలు, సాసేజ్ చక్రాలు, చెంచాడు వేరుశనగ వెన్న ముద్దగా. గింజలు పొడి చేసి గానీ, వెన్నగా చేసి బ్రెడ్ మీద పలచగా రాసి గానీ ఇవ్వచ్చు. కవలల_అమ్మ గారు ఆపిల్ పలచగా కోయమన్నది సరైన మాట. ఇంకా చిన్నవాళ్లకైతే ఉడికించడమో తురమడమో చేయాలి. చీజ్ కూడా దళసరి ముక్కలుగా కోయకుండా సన్నని పొడవు ముక్కలుగా కోయండి.

కొత్తమ్మ

తెల్లకోటు గారూ, మా పాపకి ఏడాదిన్నర. పళ్లు చాలానే వచ్చాయి, ముందు దవడ పళ్లు కూడా కనిపిస్తున్నాయి. మా ఇంట్లో పెద్దవాళ్లు వేరుశనగలు, కిస్మిస్ చేతిలో పోస్తున్నారు. పళ్లున్నాయిగా, నములుతుంది అంటున్నారు. ఒకసారి ఓక్కుమని మొహం ఎర్రబడింది. అది గొంతులో అడ్డం పడటమేనా?

తెల్లకోటు

పళ్లు రావడం వేరు, గట్టి గింజని నున్నగా నమలగలగడం వేరు. వెనక దవడ పళ్లు రెండేళ్ల చుట్టుపక్కల, కొందరికి ఇంకా ఆలస్యంగా వస్తాయి. వచ్చాక కూడా నమిలి మింగడం కుదురుకోవడానికి సమయం పడుతుంది. పూర్తి గింజలు కనీసం నాలుగేళ్ల దాకా ఇవ్వొద్దంటారు, కొన్ని దేశాల సలహా అయితే ఐదేళ్లు. ఇది పెద్దవాళ్లతో మెత్తగా అయినా కచ్చితంగా చెప్పాల్సిన విషయం. కిస్మిస్ అయితే నీళ్లలో నానబెట్టి, సగానికి కోసి ఇవ్వండి.

మీరు చెప్పింది ఓకరింత అయ్యుంటుంది. ఓకరించేటప్పుడు చప్పుడు వస్తుంది, దగ్గుతారు, నోట్లోది బయటికి తోస్తారు. అది ఒంటి కాపలా, కంగారుపడి వేలు పెట్టి లాగొద్దు. కనిపించనిదాని కోసం వేలు పెడితే ఇంకా లోపలికి పోతుంది. గొంతు నిజంగా మూసుకుపోతే చప్పుడుండదు, పెదవులు నీలిరంగుకి తిరుగుతాయి. అప్పుడు ఏడాది దాటిన పిల్లల్ని ముందుకు వంచి, రెండు భుజాల మధ్య వీపు మీద అరచేతి కింది భాగంతో 5 సార్లు గట్టిగా కొట్టాలి. రాకపోతే వెనకనుంచి పట్టుకుని, బొడ్డుకి పైన పిడికిలి పెట్టి లోపలికీ పైకీ 5 సార్లు నొక్కాలి. వచ్చేదాకా ఈ రెండూ మార్చి మార్చి చేస్తూనే పక్కవాళ్లతో అంబులెన్స్‌కి ఫోన్ చేయించాలి. ఏడాది లోపు పిల్లలకి పొట్ట నొక్కకూడదు, ఛాతీ మీద నొక్కాలి. చదివి ఊరుకోకుండా ఎక్కడైనా శిక్షణ ఇస్తుంటే ఇంట్లో పిల్లల్ని చూసుకునే ప్రతి ఒక్కరూ నేర్చుకోండి.

దారిపొడవునా

మేం ఎక్కువగా దూరప్రయాణాలు చేస్తాం. కారు ఆపి తినిపించడం వల్ల ప్రయాణం ఆలస్యమవుతుందని మొదట్లో ఇంట్లో గొణుగుడు ఉండేది. నిజానికి పిల్లలు ఎలాగూ రెండు గంటలకోసారి దిగాలి, పరుగెత్తాలి. ఆ ఆగడాన్నే తిండి వేళ చేసుకుంటే అయిపోతుంది.

నేను చెప్పాలనుకున్నది చల్లదనం గురించి. పెరుగు, చీజ్, గుడ్డు, మాంసం, ఉడికించిన కూరగాయలు, అన్నం లాంటివి ఫ్రిజ్‌లోంచి తీశాక రెండు గంటలకి మించి బయట ఉండకూడదు. ఎండ 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. సూక్ష్మక్రిములు 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేగంగా పెరుగుతాయి. ఆగి ఉన్న కారులో వేడి ఎంత త్వరగా పెరుగుతుందో తెలిసిందేగా, అందులో బ్యాగు వదలొద్దు. అన్నం విషయంలో ఇంకో మాట. బియ్యంలో ఉండే ఒకరకం క్రిమి బీజాలు ఉడికినా చావవు. గంటల తరబడి గోరువెచ్చగా ఉంచితే అవి విషం తయారుచేస్తాయి, మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు.

చిన్న ఇన్సులేటెడ్ బ్యాగు, అందులో పైన ఒకటి కింద ఒకటి గడ్డకట్టిన ఐస్ ప్యాకులు. చల్లదనం కిందికి దిగుతుంది కాబట్టి పైన ఉన్నదే ఎక్కువ పని చేస్తుంది. ఐస్ ప్యాకు బదులు పెరుగు సీసానే రాత్రి ఫ్రీజర్‌లో పెట్టి తీసుకెళ్లొచ్చు, దారిలో కరిగి తినేవేళకి చల్లగా ఉంటుంది. కాకపోతే గడ్డకట్టి కరిగిన పెరుగు కొంచెం రవ్వరవ్వగా ఉంటుంది. నీలిగోరింట గారి బాబు అది పసిగట్టేస్తాడు, కాబట్టి మీరు ఐస్ ప్యాకులే వాడండి.

పిల్లలు కొరికి వదిలేసినది మళ్లీ డబ్బాలో పెట్టి సాయంత్రం ఇవ్వకండి. ఎంగిలి తగిలాక అది పారేయాల్సిందే. అందుకే కొంచెం కొంచెం బయటికి తీసి పెట్టడం మేలు.

పెద్దమ్మ

ఇంత సరంజామా మూడు గంటల పార్కుకి అవసరమా అమ్మా? ఇంట్లో తిని బయల్దేరి, ఒక అరటిపండు, నీళ్ల సీసా పట్టుకెళ్తే చాలదూ?

దారిపొడవునా

పార్కుకి చాలండి, మీ మాట నిజం. నేను రోజంతా పట్టే ప్రయాణం గురించి చెప్పాను. ఫ్రిజ్ అవసరం లేనివి పెట్టుకుంటే ఐస్ గొడవే ఉండదు: తొక్కతో ఉన్న పండు, బ్రెడ్, పొడిగా కాల్చిన ఓట్స్ బిళ్లలు, చక్కెర లేని మెత్తటి క్రాకర్లు.

బుజ్జి_నాన్న

బిస్కెట్లు మానేయాలా అని అడిగారు కదా. అమెరికాకి చెందిన పోషకాహార నిపుణురాలు ఎలిన్ శాటర్ చెప్పిన ఒక పద్ధతి ఉంది, చాలామంది డాక్టర్లు కూడా అదే చెప్తారు. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అన్నది పెద్దవాళ్ల బాధ్యత. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పిల్లల ఇష్టం. మీ దగ్గర ప్రస్తుతం ఏం పెట్టాలన్నది కూడా వాడే నిర్ణయిస్తున్నాడు, ఎందుకంటే ఏడిస్తే ప్యాకెట్ వస్తుందని తెలుసు.

ప్యాకెట్ బ్యాగులో ఉంచకండి. ఒకట్రెండు బిస్కెట్లు డబ్బాలోనే, చీజ్ పక్కన, బంగాళాదుంప పక్కన పెట్టేయండి. మొదట అదే తింటాడు, తిననివ్వండి. అయిపోయాక ఇంకా ఆకలుంటే పక్కవాటి వైపు చూస్తాడు. "ఇది తింటే అది ఇస్తా" అన్న బేరం మాత్రం పెట్టొద్దు. బేరం పెట్టామంటే బిస్కెట్ బహుమతి, బంగాళాదుంప శిక్ష అయిపోతాయి.

పెద్దమ్మ

నేనైతే అసలు తీసుకెళ్లనంటాను. కనిపిస్తేనే కదా అడిగేది.

బుజ్జి_నాన్న

మీ పద్ధతి కొందరు పిల్లలకి పని చేస్తుంది పెద్దమ్మ గారూ. మీవాళ్లు ఆకలేస్తే ఏదో ఒకటి తినేవాళ్లయ్యుంటారు. తినే రకాలే అయిదారు ఉన్న పిల్లాడికి, తనకి కచ్చితంగా తెలిసిన ఒక్క వస్తువైనా డబ్బాలో లేకపోతే బయటిచోట బెంగ పెరుగుతుంది, అప్పుడు ఏదీ ముట్టడు. ఆ ఒక్కటీ బిస్కెట్ కానక్కర్లేదు, బ్రెడ్ అయినా చాలు. కొన్నాళ్లకి మెల్లగా అటు మార్చొచ్చు.

చిన్నిపళ్లు

దంతవైద్యం చేస్తాను కాబట్టి ఒక మాట. పంటికి తీపి ఎంత తగిలింది అన్నదాంతో పాటు ఎన్నిసార్లు తగిలింది అన్నది చాలా లెక్కలోకి వస్తుంది. బండిలో కూర్చుని గంటసేపు ఒక్కో బిస్కెట్ చప్పరిస్తుంటే ఆ గంటంతా నోట్లో ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. అవే రెండు బిస్కెట్లు ఒకేసారి తినేసి నీళ్లు తాగితే లాలాజలం పనిచేయడానికి తీరిక దొరుకుతుంది. ఎండుపళ్లు ఆరోగ్యకరమని అందరూ పెడతారు. అవి పళ్లకి అంటుకుని ఉండిపోతాయి కాబట్టి భోజనంతో పాటు ఇస్తేనే మంచిది. పీల్చుకుని తినే పండ్ల గుజ్జు సంచులు కూడా అంతే, చెంచాలోకి పిండి తినిపించండి. జ్యూస్ మూడేళ్ల లోపు రోజుకి 120 మిల్లీలీటర్లు దాటొద్దు, ఏడాది లోపు అసలే వద్దు. ఉప్పు, చక్కెర కలపని పండే ఉండగా జ్యూస్ అవసరం ఏముందో నాకైతే కనిపించదు.

సిరిమువ్వ

నాది వేరే సంగతి గానీ ఈ చర్చలో ఉండాలి. మా పాపకి వేరుశనగ, గుడ్డు పడవు. పార్కులో పక్కపిల్లలకి ప్రేమగా మీ డబ్బాలోది పంచేముందు వాళ్ల అమ్మానాన్నల్ని ఒక్కమాట అడగండి. అడిగినందుకు ఎవరూ ఏమీ అనుకోరు. వేరుశనగ వెన్న తిన్న చేతుల్ని శానిటైజర్‌తో రుద్దితే అలర్జీ కలిగించే పదార్థం పోదు. సబ్బు నీళ్లతో కడగాలి, లేదంటే తడి వైప్స్‌తో తుడవాలి. తర్వాతే ఊయల పట్టుకోనివ్వండి.

అలాగే గుడ్డు, గింజలు, నువ్వులు, చేపలు లాంటివి పిల్లలకి మొట్టమొదటిసారి బయట పెట్టొద్దు. ఇంట్లో, పగటిపూట, ఒంట్లో బాగున్న రోజు పెట్టి చూడాలి.

నీలిగోరింట

అందరికీ చాలా చాలా థాంక్స్. దారిలో పాలసీసా ఆపేశాం, బదులు నీళ్లు. రెండు రోజులు గొడవ చేశాడు. డబ్బా ఇంట్లో వాడుతున్నాం, మూత తీయడం వాడికి పెద్ద ఆటైపోయింది. నిన్న పార్కులో బెంచీ మీద కూర్చోబెట్టి పెడితే బ్రెడ్, కొంచెం చీజ్ తిన్నాడు. బంగాళాదుంప ముట్టలేదు.

ఇంకో రెండు అడగాలి. కొత్త రకాలు ఎప్పుడు మొదలుపెట్టాలి? చుట్టాలింటికి వెళ్తే అందరూ చుట్టూ చేరి "ఒక్క ముద్ద, ఒక్క ముద్ద" అని వెంటపడతారు, అప్పుడేం చేస్తారు మీరంతా?

కవలల_అమ్మ

భలే! బంగాళాదుంప ముట్టకపోయినా డబ్బాలో ఉండటాన్ని ఒప్పుకున్నాడు కదా, అది లెక్కలోకి తీసుకోండి.

కొత్తవి ఇంట్లోనే. ఒక కొత్త రుచి పిల్లలు ఒప్పుకోవడానికి ఎనిమిది నుంచి పదిహేను సార్లు ఎదురుపడాల్సి రావచ్చు. ఎదురుపడటమంటే తినడమే కాదు, చూడటం, ముట్టుకోవడం, వాసన చూడటం, నాలుకకి తాకించి ఉమ్మేయడం కూడా. చాలామంది మూడు నాలుగుసార్లకే వీడికి నచ్చదని వదిలేస్తారు. వాడు తినేదానికి దగ్గరగా ఉండేవాటితో మొదలుపెట్టండి. బంగాళాదుంప తింటాడు కాబట్టి అదే ఆకారంలో కోసిన చిలగడదుంప. బ్రెడ్ తింటాడు కాబట్టి అరటిపండు, గుడ్డు, ఓట్స్ కలిపి పెనం మీద కాల్చిన మెత్తటి చిన్న బిళ్లలు, అందులో పచ్చసొన కూడా కలిసిపోతుంది. అయితే వాడికి తెలియకుండా దాచిపెట్టి ఇవ్వొద్దు. అడిగితే గుడ్డు ఉందని చెప్పేయండి. ఒకసారి మోసం కనిపెడితే ఆ బిళ్లలే కాదు, బ్రెడ్ కూడా అనుమానంగా చూస్తారు. ఇంట్లో కుదిరాకే డబ్బాలోకి.

పెద్దమ్మ

చుట్టాల గురించి నేను చెప్తాను, ఆ వెంటపడేవాళ్లలో నేనూ ఉంటాను కాబట్టి. పెద్దవాళ్లకి పిల్లాడి చేతికి ఏదో ఒకటి ఇవ్వాలని ఉంటుంది. ఆ ఆశ తీరే పని వాళ్లకి అప్పజెప్పండి. "అత్తా, వీడికి ఈ డబ్బా మీరు పెట్టండి, తినకపోతే వదిలేయమన్నారు డాక్టరు గారు" అనండి. డాక్టరు పేరు చెప్తే సగం మంది ఆగిపోతారు. వెళ్లీ వెళ్లగానే పెట్టకండి, కొత్త మొహాలకి అలవాటుపడ్డాక, అందరూ తింటున్నప్పుడు పక్కన కూర్చోబెట్టండి. తన వైపు ఎవరూ చూడనప్పుడు పిల్లలు బాగా తింటారు.

కొత్తమ్మ

ఏది మామూలు పేచీ, ఏది డాక్టరుకి చూపించాల్సినది అని ఎలా తెలుస్తుంది?

తెల్లకోటు

బరువు పెరగడం ఆగిపోయినా, తగ్గినా చూపించాలి. తినేవి ఇరవై రకాల కంటే బాగా తక్కువగా ఉండి, అవి కూడా ఒక్కొక్కటిగా మానేస్తూ పోతుంటే, కూరగాయలో మాంసకృత్తులో ఒక గుంపు మొత్తాన్నే ముట్టకపోతే, ముక్కలున్న ప్రతిదానికీ వాంతి చేసుకుంటే, తినేటప్పుడు తరచూ పొలమారుతుంటే, ఎప్పుడూ నీరసంగా పాలిపోయి ఉంటే కూడా. తిండిని తీవ్రంగా దూరంపెట్టే పరిస్థితిని వైద్యులు 2013 నుంచి ఒక ప్రత్యేక రుగ్మతగా గుర్తిస్తున్నారు, దానికి చికిత్స ఉంది. నీలిగోరింట గారూ, మీ బాబు జాబితా చిన్నదే. బయట ముట్టకపోవడం వరకే అయితే నేను ఇంత చెప్పేదాన్ని కాదు. బరువు, పాలు, పచ్చసొన మూడూ డాక్టరుకి చెప్పండి.

నీలిగోరింట

తప్పకుండా అండి, వచ్చే వారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. ఆఖరిగా ఒక్కటి. చలికాలంలో చల్లటి బంగాళాదుంప వాడికి నచ్చడం లేదేమో అనిపిస్తోంది. వేడిగా తీసుకెళ్లే దారి ఉందా?

దారిపొడవునా

ఉందండి. వెడల్పు మూతి ఉన్న స్టీలు ఫ్లాస్కు తీసుకోండి. అందులో ముందు మరిగే నీళ్లు పోసి మూత పెట్టి పది నిమిషాలు ఉంచి, నీళ్లు పారబోసి, వెంటనే పొగలు కక్కే తిండి నిండుగా పెట్టి బిగించండి. ఫ్లాస్కు తిండిని వేడి చేయదు, ఉన్న వేడిని నిలబెడుతుంది. అందుకే గోరువెచ్చటిది పెడితే కొద్దిసేపట్లోనే 60 డిగ్రీల కిందికి పడిపోతుంది. సగమే నింపినా త్వరగా చల్లారుతుంది. ముక్కలకంటే మెత్తగా చిదిమినది ఎక్కువసేపు వేడిగా ఉంటుంది, వాడు చిదిమినది ఒప్పుకుంటాడో లేదో ఇంట్లో చూసుకోండి. లోపల చాలా వేడిగా ఉంటుంది కాబట్టి ఫ్లాస్కు వాడి చేతికివ్వకుండా, గిన్నెలోకి తీసి, ఆవిరి తగ్గాక మీరు రుచి చూసి ఇవ్వండి.